గోడకు క్లెపర్, నీళ్ళకు పౌఖ్: నెల్లూరు గాలిలో రెండు పాత మడత కయాకులు

పాత మడత కయాకు, అంటే విప్పి సంచుల్లో పెట్టుకునే సన్నని తెడ్డు పడవ కొని, మరమ్మతు చేయించి, హాల్లోనో బీచ్ రిసార్టు వరండాలోనో వేలాడదీయాలనే ముచ్చట మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. అందరూ అడిగేది ఒకటే: పశ్చిమ జర్మనీ క్లెపర్ ఏరియస్ 2 తీసుకోవాలా, తూర్పు జర్మనీ పౌఖ్ ఆర్‌జెడ్ 85 తీసుకోవాలా? రెండూ ఇద్దరు కూర్చునేవే. రెండింటికీ చెక్క చట్రమే. అయినా మన తీరంలో రెండూ ఒకే పనికి రావు. చూపులకు పెట్టుకోవాలంటే క్లెపర్. కోసి, అతికి, తొడుగు మార్చి నీళ్ళలో తిప్పాలంటే పౌఖ్. తిరగేసి చేస్తే రెండూ పాడవుతాయి.

మడత కయాకంటే గాలి ఊదే రబ్బరు పడవ అనుకునే వాళ్ళ కోసం ఒక మాట. ఇందులో నిలువుగా పొడుగాటి చెక్క బద్దలు, వాటికి అడ్డంగా పక్కటెముకల్లాంటి ప్లైవుడ్ చట్రాలు, వీటన్నిటి మీద ఒక తొడుగు. తొడుగులో అడుగు భాగం రబ్బరు లేదా పీవీసీ, పైభాగం కాటన్ గుడ్డ. విప్పితే రెండు మూడు సంచుల్లోకి వస్తుంది. 1905లో ఆల్‌ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి మొదటిది తయారుచేసి ఇజార్ నది మీద నడిపాడు. 1907లో రోజెన్‌హైమ్ ఊరి దర్జీ యోహాన్ క్లెపర్ ఆ హక్కులు కొన్నాడు. దర్జీ చేతికి వెళ్ళిందన్నది గుర్తుపెట్టుకోండి. ఈ పడవలో సగం వడ్రంగం, సగం కుట్టుపని. మన దగ్గర దెబ్బతినేది ఎప్పుడూ కుట్టుపని వైపే.

హాల్లో పెట్టుకునే వాళ్ళకు చెప్పుకోవడానికి కథలకు లోటు లేదు. 1956లో హానెస్ లిండెమాన్ అనే డాక్టరు ఏరియస్ 2 లాంటి పడవలోనే ఒంటరిగా 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. మనకు దగ్గరి కథ ఇంకొకటుంది. ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాకు దించి, ఏడేళ్ళకు 1939లో ఆస్ట్రేలియా చేరాడు. దారిలో శ్రీలంక దాటి మన తూర్పు తీరం వెంబడి పైకి వెళ్ళాడు. అంటే కృష్ణపట్నం, కొత్తపట్నం ముందు నుంచే. పడవ పక్కన బోర్డు పెడితే ఆ పేరు రాయండి గానీ, ఆయన పడవ క్లెపర్ కాదు, పియోనియర్ అనే వేరే కంపెనీది. బోర్డు మీద తప్పు రాస్తే తెలిసిన వాళ్ళు ముందు దాన్నే పట్టుకుంటారు.

ఇక క్లెపర్ సంగతి. ఏరియస్ 2 పొడవు 5.20 మీటర్లు, వెడల్పు 87 సెంటీమీటర్లు, బరువు 30 కిలోల పైచిలుకు. బద్దలు యాష్ కర్ర, అడ్డ చట్రాలు బర్చ్ ప్లైవుడ్, అవి ఏడు. పక్కల వెంబడి తొడుగు లోపల రెండు పొడుగాటి గాలిగొట్టాలు ఉంటాయి. ఏరియస్ అన్న పేరు ఆ గాలి వల్లే వచ్చింది. బిగింపు తీరు చూడటానికే ముచ్చటేస్తుంది. ముందు సగం, వెనక సగం విడివిడిగా బిగించి, కూర్చునే చోటు తెరపిలోంచి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తొడుగులోకి తోస్తారు. నడుమ అవి కలిసే చోట నిటారుగా లేచి ఉన్న అడుగుబద్దను కిందికి నొక్కితే చట్రం సాగి తొడుగు బిగుస్తుంది. తర్వాత మిగతా అడ్డ చట్రాలు, కూర్చునే చోటు చుట్టూ చెక్క అంచు, సీట్లు. గాలి ఊదడం చివరి పని. గాలి ముందే ఊదితే చట్రం లోపలికి పోదు. వీడియో చూసి హడావిడిగా మొదలుపెట్టే వాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కొనేటప్పుడు ఫోటోలో పడవ మొత్తం చూసి లాభం లేదు. విడి ఫోటోలు అడగాలి. ఏడు చట్రాల మీదా 1 నుంచి 7 వరకు అంకెలు కనిపించాలి. అడుగుబద్దల కీళ్ళు, గాలిగొట్టాల మూతులు, తొడుగు లోపలి వైపు, కాటన్ గుడ్డా అడుగు రబ్బరూ కలిసే కుట్టు, ఇవన్నీ దగ్గరగా తీయించుకోవాలి. ఒక చట్రం తక్కువుంటే బేరం ఎంత దిగినా వద్దనుకోండి. దాని జత వెతకడం పడవ వెతకడం కంటే కష్టం. అడుగు రబ్బరును వేళ్ళ మధ్య పూర్తిగా మడిచి చూపించమనండి. మడత మీద సన్నని పగుళ్ళు కనిపించినా, తెల్లటి పొడి రాలినా ఆ రబ్బరు చచ్చినట్టే. ఏ జిగురూ దాన్ని బతికించదు. అలాంటి దాన్ని నీళ్ళ కోసం కొనొద్దు. గోడకైతే కొనొచ్చు, ధర దిగుతుంది కూడా.

సంచిలో ఏళ్ళ తరబడి మడిచి ఉంచిన పాత క్లెపర్లలో తొడుగు కుంచించుకుపోతుంది. కాటన్ గుడ్డ తడిసి ఆరుతూ నిడివిలో ఒకటి రెండు సెంటీమీటర్లు లాక్కుంటుంది. చట్రం పట్టదు. అప్పుడు మన వడ్రంగి మేస్త్రీ చెప్పే మాట ఒకటే: "బద్దలు రెండు అంగుళాలు కోసేద్దాం సార్." వద్దు. కోసిన యాష్ బద్ద మళ్ళీ దొరకదు. తొడుగు ఎప్పటికైనా సాగుతుంది, కర్ర సాగదు. పైగుడ్డను మంచినీళ్ళతో బాగా తడపండి. గాలిగొట్టాలు ఖాళీగా ఉంచి, ముందు సగం, వెనక సగం లోపలికి తోసి, నడుమ అడుగుబద్ద పూర్తిగా దిగకపోయినా దిగినంత వరకు నొక్కి తాడుతో కట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్ళీ తడిపి ఇంకొంచెం నొక్కాలి. మూడు నాలుగు రోజుల్లో మెల్లగా దిగుతుంది. ఒక్కరోజులో బలవంతంగా నొక్కితే ముందు తెగేది గుడ్డ కాదు, కీలు దగ్గర రివెట్టు.

రబ్బరుకు అతుకు వేయడంలో మన ఊరి పెద్ద పొరపాటు సైకిలు షాపు సొల్యూషన్. సైకిలు ట్యూబు రబ్బరు వేరు, దాని మీద ఆ సొల్యూషన్ పట్టుకుంటుంది. తర్వాతి కాలపు క్లెపర్ల అడుగు హైపలాన్ అనే కృత్రిమ రబ్బరు. దాని మీద సైకిలు అతుకు వారం కూడా నిలవదు, అంచు నుంచి లేచిపోతుంది. హైపలాన్‌కు కావలసింది క్లోరోప్రీన్ ఆధారంగా తయారైన, గట్టిపరిచే ద్రవం విడిగా కలుపుకునే రెండు భాగాల జిగురు. ముందు 80 నంబరు గరుకు కాగితంతో నిగారింపు పోయేదాకా రుద్దాలి. టాలూయీన్‌తో తుడవాలి. జిగురు పలచగా రెండు పూతలు, మొదటి పూత పూర్తిగా ఆరాక రెండోది. రెండో పూత వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతుకు పెట్టి, మధ్య నుంచి అంచుకు రోలరుతో గట్టిగా నొక్కాలి. మూడు రోజులు దాన్ని కదిలించొద్దు.

అయితే జిగురు కంటే ముఖ్యం అతుకు వేసే వేళ. జిగురులోని ద్రవం ఆవిరవుతుంటే ఆ పైపొర చల్లబడుతుంది. తీరం గాలిలో అసలే తేమ ఎక్కువ, చల్లబడిన చోట కంటికి కనిపించని తడి పేరుకుంటుంది. దాని మీద అతుకు పెడితే పట్టినట్టే ఉంటుంది గానీ నెలకు ఊడుతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల పొద్దున మంచు తడి పోయాక, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగకముందు, అంటే పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య నీడలో పని ముగించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని జోలికే పోవద్దు. మనకు వానలు పడేదీ, వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. జనవరి నుంచి మార్చి చివరిదాకా అన్ని విధాలా మంచి కాలం.

వార్నిష్ కూడా అదే కాలంలో. అంతకంటే ముందు అడ్డ చట్రాల మీది అంకెలు, కంపెనీ గుర్తులు ఫోటో తీసి, వాటి మీద కాగితం టేపు అతికించండి. మేస్త్రీ గరుకు కాగితం పట్టాడంటే నున్నగా వచ్చేదాకా ఆపడు, అంకెలు కూడా పోతాయి. ఆ అంకెలున్న క్లెపర్ ధర వేరు. పాత వార్నిష్‌ను 150తో, తర్వాత 240తో రుద్ది, గట్టిగా ఉన్న చోట అలాగే వదిలేయాలి. పడవలకు వాడే స్పార్ వార్నిష్ మాత్రమే వేయాలి. మొదటి పూతలో టర్పెంటైన్ సగానికి సగం కలపాలి, అది కర్రలోకి ఇంకుతుంది. రెండో దాంట్లో నాలుగో వంతు, ఆపైన చిక్కగా మూడు నాలుగు పూతలు. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు, మధ్యలో 320తో తేలిగ్గా రుద్దడం. ఫర్నిచర్ షాపులో ఇచ్చే పాలీయురెథేన్ పాలిష్ అద్దంలా మెరుస్తుంది, ఫోటోకు బాగుంటుంది. కానీ అది గట్టిగా బిగుసుకునే రకం. కయాకు బద్ద బిగించినప్పుడల్లా వంగుతుంది, వంగినచోట ఆ పాలిష్ చిట్లుతుంది, చిట్లిన గీతలోంచి ఉప్పు తేమ దిగి కర్ర నల్లబడుతుంది. వార్నిష్‌కు బదులు అవిసె నూనె పట్టించే వాళ్ళూ ఉన్నారు. పట్టించినా పర్వాలేదు గానీ, తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మే నెలలో నెల్లూరు షెడ్డులో అయితే మరీను. నీళ్ళ బక్కెట్లో వేయండి, లేదా విడివిడిగా దండెం మీద ఆరేయండి.

బిగింపులు కొన్నిటికి ఇత్తడివి, కొన్నిటికి అల్యూమినియంవి. ఇత్తడి కనిపించగానే చింతపండు పట్టుకొచ్చే ఇళ్ళు మనవి. బిందెకు బాగానే ఉంటుంది, కడిగేస్తాం కాబట్టి. చెక్కకు బిగించి ఉన్న ఇత్తడికి రుద్దితే పులుసు కిందికి దిగి కర్రలో మచ్చ పడుతుంది, లోపల మిగిలిన పులుపు ఇత్తడినే తింటుంది. పచ్చచిలుము పట్టిన చోట తడిగుడ్డతో తుడిచి, ఆరాక మైనం రాస్తే చాలు. పాత ఇత్తడికి ఆ గోధుమరంగే అందం. అల్యూమినియం బిగింపు కింద ఇత్తడి మరలు, ఇనుప మేకులు పెట్టొద్దు. వేరు లోహాలు ఉప్పు తడిలో కలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

పైగుడ్డకు బూజు మన దగ్గర తప్పదు. బ్లీచింగ్ పౌడరు వేస్తే మచ్చ పోతుంది, దాంతోపాటు దారం బలమూ పోతుంది. ఒక వంతు వెనిగర్, నాలుగు వంతుల నీళ్ళు కలిపి మెత్తటి బ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. నీళ్ళు పట్టకుండా మైనపు రకం ద్రావణం వేయొచ్చు. సిలికోన్ స్ప్రే వద్దు. అది ఒకసారి పడితే తర్వాత ఏ అతుకూ అక్కడ పట్టదు. బీరువా అలవాటు కొద్దీ సంచిలో కలరా ఉండలు వేయడమూ మానాలి. రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ అవి మంచివి కావు.

ప్రదర్శన విషయానికి వస్తే, కాస్త వింతగా తోచినా, క్లెపర్‌కు తొడుగు లేకుండా పెట్టడమే ఉత్తమం. మన ఉక్కకు ముందు పాడయ్యేది తొడుగు. అది విడిగా వదులుగా చుట్టి, టాల్కం పౌడరు జల్లి, గాలి తగిలే అటక మీద ఉంటే పదేళ్ళు ఎక్కువ బతుకుతుంది. ఉట్టి చట్రం చేప ముల్లులా కనిపిస్తుంది. చూసేవాళ్ళు ఆగి చూసేది కూడా దాన్నే. తొడుగు లాగిపట్టే బిగువు ఉండదు కాబట్టి కీళ్ళు కొంచెం ఊగుతాయి. రెండు కొనల దగ్గరా, నడుమ కీలు దగ్గరా నూలు తాడు చుట్టండి, ఇనుప తీగ వద్దు. తొడుగు కూడా కనపడాలంటే ముందు సగానికే తొడిగి, వెనక తొడుగును కూర్చునే చోటు దగ్గరకు చుట్టలా తీసుకొచ్చి, చుట్ట లోపల లావుపాటి ఫోము గొట్టం పెట్టండి. మడత పదునుగా పడదు. చూపించడానికి తొడుగును కోసిన పడవలున్నాయి. అంత మతిలేని పని ఇంకోటి లేదు.

కప్పుకు వేలాడదీయడానికి 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు రెండు. ప్రతి కొన నుంచి 1.2 మీటర్ల లోపలికి, సరిగ్గా అడ్డ చట్రం కిందికి వచ్చేట్టు. రెండు చట్రాల మధ్య పట్టీ పడితే రబ్బరు లోపలికి నొక్కుకుపోయి అక్కడే పగులుతుంది. స్లాబు ఇల్లయితే ఒక్కో పట్టీకి 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు హుక్కులు రెండు, ప్లాస్టరింగ్ దాటి కాంక్రీటులోకి కనీసం 6 సెంటీమీటర్లు దిగాలి. పడవ బరువు 30 కిలోలే కదా అని ఫ్యాను హుక్కుకు కట్టేయకండి. ఒకే హుక్కు మీద పడవ తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ తాడు అరుగుతుంది. పాత మిద్దె ఇళ్ళ వాళ్ళు అదృష్టవంతులు. టేకు దూలానికి చుట్టి కట్టేస్తే డ్రిల్లింగే అక్కర్లేదు. రేకుల షెడ్డులో మాత్రం వద్దు. రేకు కింద మధ్యాహ్నపు వేడికి గాలిగొట్టాల్లో గాలి వ్యాకోచిస్తుంది. ఏ ఇంట్లోనైనా తొడుగుతో ప్రదర్శనలో ఉన్నప్పుడు గొట్టాలు సగానికే ఊదాలి. నోటితో కాకుండా చేతి పంపుతో ఊదితే లోపల తేమ చేరదు.

గోడకు పెట్టే వాళ్ళు గోడకూ పడవకూ మధ్య 5 సెంటీమీటర్ల సందు వదలాలి. సముద్రం వైపు గోడ నవంబరులో చెమ్మగిల్లుతుంది, ఆ గోడ వద్దు. కిటికీలోంచి ఎండ నేరుగా పడే చోటూ వద్దు. నేల మీద స్టాండు అయితే ఇనుపదే మేలు. చెక్క కాళ్ళు చెదలకు నిచ్చెనలాంటివి. ఇంకో చిక్కు అందరూ చివర్లో గమనిస్తారు. విప్పిన పడవ సంచుల్లో ఏ గుమ్మంలోంచైనా వస్తుంది, హాల్లో బిగించాక 17 అడుగుల పడవ మెట్ల మలుపు తిరగదు. గృహప్రవేశం రోజు పడవను మేడ మీదికి మోసుకెళ్ళే ఊరేగింపు కావాలనుకుంటే ముందే కొలతలు తీసుకోండి.

ఇక పౌఖ్. ఆర్‌జెడ్ 85 పేరులోనే కొలత ఉంది, వెడల్పు 85 సెంటీమీటర్లు. పొడవు 5.50 మీటర్లు. చట్రం గట్టిదే, కానీ క్లెపర్‌లో ఉన్న పనితనం లేదు. బిగింపులు మొరటుగా ఉంటాయి, చూపులకు పెడితే ఎవరూ దగ్గరికి రారు. చాలా పాత ఆర్‌జెడ్‌లలో గాలిగొట్టాలు లేవు. అడుగు పీవీసీ. ఇదే దాని లోపం, మన ఊళ్ళో ఇదే దాని గుణం కూడా. పాత పీవీసీ బిగుసుకుపోయి అట్టలా తయారవుతుంది. అయితే కొత్త తొడుగుకు కావలసిన సరుకు, చేసే చేతులు నెల్లూరు లారీ స్టాండ్ల పక్కన టార్పాలిన్ కుట్టే చోట్లే ఉన్నాయి. ధర తక్కువ పడవ కాబట్టి మార్చడానికి మనసూ ఒప్పుతుంది.

సరుకులో మోసపోయే చోట్లు రెండు. ధాన్యం రాశుల మీద కప్పే నీలం బరకం పాలిథీన్ రకం. దాని మీద ఏ జిగురూ పట్టదు, ఎండకు ఏడాదిలో పొట్టు లేస్తుంది. ఫ్లెక్సీ గుడ్డ పీవీసీయే గానీ పలచన, ఇసుక మీద రెండు సార్లు ఈడిస్తే చిరుగుతుంది. అడగాల్సింది పాలిస్టర్ నేత మీద పీవీసీ పూత ఉన్న లారీ టార్పాలిన్, 650 నుంచి 900 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాములు. లేత రంగు తీసుకోండి. నలుపు మన ఎండకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కుట్టు మాత్రం కుట్టించొద్దు. సూది పడిన ప్రతి చోటా నీళ్ళు కారతాయి. వేడిగాలితో అతికించే మిషను ఉన్న పనివాడిని వెతకాలి. ఒక అంచు మీద ఇంకో అంచు 4 సెంటీమీటర్లు పడేలా అతుకు, అది అడుగు మధ్యగీత మీద పడకూడదు, నేలకు ఆనేది అదే కాబట్టి. పాత తొడుగు విప్పి కొలతలు తీయడం కంటే, చట్రం పూర్తిగా బిగించి, గుడ్డను దాని మీద బోర్లా పరిచి, క్లిప్పులు పెట్టి గుర్తులు గీయడం మేలు. కాటన్‌లా ఇది సాగదు. గుర్తు దాటి పైకి ఒక సెంటీమీటరు వదులు వచ్చినా నడుము దగ్గర ముడతలు పడతాయి. అవి నీళ్ళను లాగి పడవను నెమ్మది చేస్తాయి.

గాలిగొట్టాలు లేని ఆర్‌జెడ్ బోల్తా పడితే మునుగుతుంది. రెండు కొనల్లోనూ తేలే వస్తువు పెట్టడం మార్పు కాదు, తప్పనిసరి. అంగట్లో దొరికే మూతి బిగుసుకునే 5 లీటర్ల నూనె క్యాన్లు ముందు నాలుగు, వెనక నాలుగు కట్టినా 40 కిలోల దాకా తేల్చి పట్టుకుంటాయి. క్యాను మూల తొడుగుకు రాసుకోకుండా పాత చాప చుట్టాలి. అడుగున పొడుగునా మూడు చోట్ల 4 సెంటీమీటర్ల వెడల్పు పీవీసీ పట్టీలు అతికించండి. ఈ అతుక్కు వాడాల్సింది పాలీయురెథేన్ జిగురు. క్లెపర్‌కు వాడిన జిగురు ఇక్కడ పనిచేయదు.

విరిగిన బద్ద మార్చాల్సి వస్తే, మన దగ్గర యాష్ దొరకదు. టేకు దొరుకుతుంది గానీ వంపుకు తక్కువ ఓర్చుకుంటుంది. పైగా దానిలో నూనె ఉంటుంది, జిగురు పెట్టేముందు అసిటోన్‌తో తుడవాలి. తడ కర్ర మేలు. తడ ఊరు కాదు, చెట్టు. బండి కాడికీ పనిముట్ల పిడికీ వాడే సాగుడు కర్ర అది. అనుమతి ఉన్న టింబరు డిపోలోనే కొనండి. అతుకు ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్ల పొడవు ఉండాలి. 12 మిల్లీమీటర్ల బద్దకు దాదాపు 10 సెంటీమీటర్లు. మామూలు ఫెవికాల్ కాదు, నెమ్మదిగా గట్టిపడే రకం ఆరల్డైట్. ఐదు నిమిషాల్లో గట్టిపడేది ఇక్కడ నిలవదు. అడ్డ చట్రం కొత్తది కోయించాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న, పడవలకు వాడే రకం ప్లైవుడ్ అడగాలి. ఐఎస్ 303 అన్నది సాధారణ రకం. 710 అయినా కోసిన అంచులో పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే ఆ ముక్క వాపసు ఇవ్వండి. బర్చ్ ప్లైలో 12 మిల్లీమీటర్లలో తొమ్మిది పొరలుంటాయి. మన దాంట్లో తరచూ తక్కువే, కాబట్టి ఒక సైజు మందం పెంచుకోవాలి. కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ పూత వేశాకే వార్నిష్.

దించే చోటు. మైపాడు, కొత్తపట్నం అలల్లోకి ఈ పడవ వద్దు. అల పక్కనుంచి కొడితే చట్రం విరుగుతుంది. బకింగ్‌హామ్ కాలువ ఫోటోలకు బాగుంటుంది గానీ చాలా చోట్ల పూడిక, గుర్రపుడెక్క. ఉప్పుటేరుల్లో రాళ్ళకు అంటుకున్న ఆల్చిప్పలు కత్తుల్లా ఉంటాయి, ఒక్క రాపిడికి తొడుగు చీలుతుంది. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ జలాశయాలు మేలు. జలవనరుల శాఖ అనుమతి తీసుకోవాలి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. అక్కడ శత్రువు గట్టు మీద ఉంటుంది, చిల్లచెట్టు. బిగించేటప్పుడు నేల మీద పరదా పరచకపోతే నీళ్ళు చూడకముందే ముల్లు దిగుతుంది.

తిరిగొచ్చాక మంచినీళ్ళతో లోపలా బయటా కడిగి, రెండు రోజులు నీడలో ఆరాకే మడవాలి. ప్రతిసారీ ఒకే గీత మీద మడవకుండా మడత జరపాలి. తీసేసిన పాత తొడుగు, పాత మరలు, విరిగిన బద్ద ముక్క ఏదీ పారేయకండి. అన్నీ ఒక సంచిలో వేసి, ఏ ముక్క ఏ చట్రం అంకె దగ్గరదో చీటీ రాసి కట్టండి. రేపు ఎవరైనా కొనడానికి వస్తే ముందు అడిగేది ఆ సంచినే.